ఎన్‌పీసీ గొంతు సెషన్ మధ్యలో జారిపోతోందా? ముందు రికార్డింగ్ వినండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆటల్లో, ఆటగాళ్లవి కాని పాత్రల్ని (ఎన్‌పీసీలు) అన్నిటినీ పలికించేది కథ నడిపే మనిషి, అంటే డీఎం. బెంగళూరులో మన తెలుగు టేబుళ్ల దగ్గర కొత్తగా ఆ డీఎం కుర్చీలో కూర్చున్నవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే. "అన్నా, గొంతులు రావట్లేదు, ఏం ప్రాక్టీస్ చెయ్యాలి?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. పోయిన సెషన్ రికార్డ్ చేశావా? చేస్తే విన్నావా? ఇన్నేళ్లలో "విన్నాను" అన్నవాళ్లు ఇద్దరంటే ఇద్దరు.

దయచేసి ముందు ఈ పని చెయ్యండి. అందరినీ అడిగి, ఫోన్ టేబుల్ మధ్యలో పెట్టి రికార్డర్ ఆన్ చెయ్యండి. డైస్ ట్రేకి కాస్త ఎడంగా పెట్టండి, లేకపోతే పాచికల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. తర్వాత నాలుగు గంటలూ కూర్చుని వినక్కర్లేదు. ఒక ఎన్‌పీసీని తీసుకుని, అతని మొదటి మాట, పది నిమిషాల తర్వాత అన్న మాట, చివరి మాట వినండి. కింద రాసినవాటిలో మీ సమస్య ఏదో ఆ మూడు చోట్లే చెప్పేస్తాయి. నిజానికి సగం మంది గొంతు సమస్య అనుకునేది గొంతు సమస్యే కాదు.

అన్ని పాత్రలూ ఒకేలా వినిపిస్తున్నాయి

కారణం: మీరు శ్రుతి ఒక్కటే మారుస్తున్నారు. మామూలు మాటలో మగవాళ్ల స్వరతంత్రులు సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్లవి సుమారు 200 సార్లు కంపిస్తాయి. అక్కణ్నుంచి కష్టపడకుండా పైకో కిందికో జరగగలిగేది కొంచెమే. ఆ కొంచెంలో రెండు మూడు పాత్రలు పడతాయి. ఊరు ఊరంతా పట్టదు.

శ్రుతి వదిలేసి వేగం, వాక్యం పొడవు, ఆగే చోటు మార్చండి. "వంతెన మూసేశారు" అన్న ఒక్క సమాచారాన్నే చూడండి. కాపలావాడు: "లేదు. మూశాం. రేపు రండి." గుడి పూజారి: "వంతెన సంగతా నాయనా... ఆ, వంతెన. మొన్నటి వానకి మూసేశారు కదూ." పడవ నడిపే ఆమె: "వంతెనా? ఎప్పుడో మూసేశారయ్యా, పడవ ఉందిగా, ఎక్కండి ఎక్కండి." ఈ మూడూ మీ సొంత గొంతుతోనే, ఒకే శ్రుతిలో చదవండి. వినేవాళ్లకి ముగ్గురు మనుషులు కనిపిస్తారు. ఆడ పాత్ర అనగానే మగ డీఎంలు కీచు గొంతు ఎత్తుకోవడం కూడా ఇందుకే మానెయ్యాలి. దానివల్ల ఆ పాత్ర ఏం చెప్పినా ఎవరూ పట్టించుకోరు. ఊరి పెద్దావిడ మీ గొంతుతోనే, తొందర లేకుండా మాట్లాడితే టేబుల్ అంతా ఆగి వింటుంది.

సెషన్ అయ్యేసరికి గొంతు మంట

రెండే కారణాలు: గరగర గొంతుతో రాక్షసులు, గట్టిగా తీసిన గుసగుసలు. రెండూ స్వరతంత్రుల మీద భారం వేస్తాయి. రాక్షసుణ్ని నెమ్మదిగా, తగ్గు స్వరంతో, మాటమాటకీ మధ్య ఆగుతూ పలికించండి. అరిచే రాక్షసుడి కన్నా వాడికే ఎక్కువ భయపడతారు. గుసగుస అయితే గాలి వదలకుండా, మామూలు గొంతునే బాగా తగ్గించి మాట్లాడండి. మంచినీళ్లు పక్కన ఉంచుకోండి. ఊరికే ఖంగు ఖంగుమని గొంతు సవరించుకోకండి, అది ఇంకా రాపిడి చేస్తుంది. నొప్పి మొదలైతే ఆ పాత్ర మాటల్ని కథనంలోకి మార్చేసి ఆట సాగించండి. బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోవాలి.

మొదట బాగానే ఉంది, పది నిమిషాల్లో నా మామూలు గొంతైపోతోంది

అసలు నేను రాయాలని కూర్చున్నది దీని గురించే. చాలామంది దీన్ని దమ్ము చాలకపోవడం అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

మారతహళ్లిలో ఒక ఫ్లాట్‌లో మా ఆదివారం ఆట. ఒకతనిది కరీంనగర్, ఒకమ్మాయిది కర్నూలు, ఒకతనిది విజయనగరం, ఇంకొకతను కోలారులో పుట్టి పెరిగిన తెలుగువాడు. నది ఒడ్డు పట్నానికి ఒక మంత్రిని తయారుచేశాను. పెద్దమనిషి, పొడుగు వాక్యాలు, తొందర లేదు, అందరినీ "తమరు" అంటాడు. వాళ్లు ద్వారం దాటాలంటే ఇతన్ని బెదిరించాలో, బతిమాలాలో, మోసం చెయ్యాలో తేల్చుకోవాలి. సెషన్‌కి ఆయువుపట్టు అదే. ఆ రోజు వాళ్లు ఏదీ చెయ్యలేదు. పాత స్నేహితుడితో మాట్లాడినట్టు మాట్లాడి, నవ్వుకుంటూ దాటిపోయారు. గొంతులో బరువు తగ్గిపోయి ఉంటుందనుకుని నేను మూడు వారాలు శ్రుతి మీదే పనిచేశాను. అంతా దండగ.

తర్వాత రికార్డింగ్ విన్నాను. నాలుగో నిమిషంలో మంత్రి ఇలా అంటాడు:

"తమరు ఏ పని మీద వచ్చారో సెలవిస్తే, ద్వారం తెరిపించే విషయం ఆలోచిస్తాం."

కరీంనగర్ మిత్రుడి పాత్ర బదులిస్తుంది:

"పనేముంది సార్, జర తొవ్వ ఇడువుండ్రి. పొద్దుమీకితే అడవిల చిక్కుకుంటం."

ఇలా ఏడెనిమిది మాటలు నడిచాయి. పదకొండో నిమిషంలో అదే మంత్రి:

"అట్లా ఎట్లా వదిలేస్తం? నువ్వే చెప్పు. రాజుగారు అడిగితే నేనేం చెప్పాలె?"

గొంతు బరువుగానే ఉంది. శ్రుతి ఎక్కడా తగ్గలేదు. జారింది మాట. "తమరు" కాస్తా "నువ్వు" అయింది, "ఆలోచిస్తాం" అన్న నోరు "వదిలేస్తం" అంది. మంత్రి నా మిత్రుడి ఊరివాడైపోయాడు. ఊరివాణ్ని ఎవరు బెదిరిస్తారు?

ఎదుటివాళ్ల మాటతీరు వైపు మన మాట మనకు తెలియకుండానే ఒరగడం అందరిలోనూ ఉంటుంది. హోవర్డ్ గైల్స్ అనే పరిశోధకుడు 1970లలోనే దీని మీద ఒక సిద్ధాంతం కట్టాడు. బెంగళూరు తెలుగువాళ్లలో ఇది మరీ ఎక్కువని నా నమ్మకం. పొద్దున ఆటో దగ్గర కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు, పీజీ మెస్సులో హిందీ, రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే సొంతూరి తెలుగు. ఎవరితో మాట్లాడితే వాళ్లలా మాట్లాడటం మనకు ఊపిరిలాగా అయిపోయింది. అది మంచి గుణం, దానివల్లే ఈ ఊళ్లో నెగ్గుకొస్తున్నాం. డీఎం కుర్చీలో మాత్రం ఆ గుణమే మీ పాత్రల్ని ఒక్కొక్కటిగా తినేస్తుంది. పైగా మీకు వినపడదు, ఎందుకంటే ఆ క్షణంలో మీరు ఎదుటి ఆటగాడి మాటే శ్రద్ధగా వింటున్నారు. బాగా వినే డీఎంలకే ఇది ఎక్కువ జరుగుతుంది. అందుకే రికార్డింగ్ వినమని ఇంతగా చెబుతున్నాను.

పరిష్కారం పాత్ర కార్డు మీద మొదలవుతుంది. "లోతైన గొంతు, ముసలివాడు" అని రాసుకోకండి. ఎవరిని ఏమని పిలుస్తాడో రాయండి. ఇంగ్లీషులో అయితే అందరికీ ఒకే 'యు' సరిపోతుంది. తెలుగులో క్రియ క్రియకీ మర్యాద అంటుకుని ఉంటుంది: వచ్చావు, వచ్చారు. జారుడు మొదలయ్యేది అక్కడే, పట్టుకోవాల్సిందీ అక్కడే. నా మంత్రి కార్డు మీద ఇప్పుడు ఉన్నది: "అందరూ తమరు. దొంగను మాత్రం 'ఏమయ్యా'."

రెండో గీతలో, జవాబు ఏ మాటతో ఎత్తుకుంటాడో రాయండి. మంత్రిది "బాగుంది. అయితే..." ఆటగాడు వాక్యం ముగించగానే అతని రాగం మన నోట్లో ఇంకా ఉంటుంది, మన మొదటి మాట దానిమీదే ఎక్కుతుంది. ఈ కట్టుమాట ఆ సందుని మూసేస్తుంది. "బాగుంది. అయితే..." అని ఒక్క ఊపిరి ఆగితే తర్వాతి వాక్యం మంత్రిదే వస్తుంది. ప్రతి జవాబుకీ అక్కర్లేదు, మూడింటికోసారి చాలు.

మూడోది చేతులు. మంత్రి అనగానే నేను చేతికర్ర పట్టుకున్నట్టు పిడికిలి మీద పిడికిలి పెడతాను. చేతులు విప్పానంటే మంత్రి వెళ్లిపోయాడని ఆటగాళ్లకీ తెలుసు.

ఇక రోల్, అంటే పాచిక వెయ్యడం, అయిన మరుక్షణం. "ఇన్‌సైట్ (ఎదుటివాడి మనసు పసిగట్టే పాచిక) వెయ్యి. ఎంతొచ్చింది? పద్నాలుగా, సరే" అన్నది మీరు, మీ స్నేహితుడితో, "నువ్వు"తో. ఆ "నువ్వు" నోట్లో ఉండగానే మంత్రి నోరు తెరిస్తే అక్కడే పోతాడు. ప్రతి రోల్ తర్వాత చేతులు మళ్లీ కట్టి, కట్టుమాటతోనే మొదలెట్టండి. దీన్ని ఎవరూ పాటించరు. దయచేసి పాటించండి.

కావాలని ఒరగనివ్వాల్సిన పాత్రలూ ఉంటాయి. చిక్కపేటలో చీరలమ్మే మనిషి, కొనడానికి వచ్చినవాళ్ల భాష అందుకుంటాడు కదా. మీ కథలో వర్తకుడు అలా చేస్తే అది పాత్రే. మీరు నిర్ణయించుకుని చేస్తున్నారా, మీకు తెలియకుండా జరుగుతోందా అన్నదే తేడా.

ఒక పాత్ర నోరు విప్పగానే ఒక ఆటగాడు మూగబోతాడు

ఆ పాత్రకి ఏ యాస పెట్టారో చూసుకోండి. దొంగకి, తాగుబోతుకి, తెలివితక్కువ సేవకుడికి శ్రీకాకుళం యాసో, తెలంగాణ యాసో, సీమ యాసో అంటగట్టడం చాలా టేబుళ్ల మీద చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను. ఆ మాట ఆ ఆటగాడి అమ్మ మాట్లాడే మాట. అతను పైకి ఏమీ అనడు, మెల్లగా ఆదివారాలు రావడం మానేస్తాడు. యాస వాడాలంటే ఆ ఊరివాళ్లనే అడిగి, ఆ యాసలో ఒక రాణినీ, ఒక వైద్యుణ్నీ కూడా పెట్టండి. రాకపోతే వాడకండి, పైన చెప్పిన వేగమూ పిలుపూ చాలు.

రెండు ఎన్‌పీసీలు మాట్లాడుకుంటుంటే ఎవరిదేదో తెలియట్లేదు

హరికథలో దాసుగారు ఒక్కరే, చిరతలు పట్టుకుని, అన్ని పాత్రలూ తనే అవుతారు. ఎవరు ఎవరితో అంటున్నారో చూపు చెబుతుంది, ఒళ్లు చెబుతుంది. కుర్చీలో కూర్చుని కూడా భుజం ఎడమకి ఒకరు, కుడికి ఒకరు అని తిరగొచ్చు. మూడు మాటలు దాటితే ఆపి, "ఇద్దరూ పన్ను గురించి వాదించుకున్నారు, చివరికి ముసలాయనే ఒప్పుకున్నాడు" అని చెప్పేయండి. ఆటగాళ్లు ఆడటానికి వచ్చారు.

నేను నోరు తెరిస్తే నవ్వుతున్నారు

మొదటి రెండు సెషన్లు నవ్వుతారు. ఆపకుండా చెయ్యండి. మిమిక్రీలో నేరెళ్ల వేణుమాధవ్ గారి లాంటివాళ్లు అనుకరించింది జనానికి ముందే తెలిసిన గొంతుల్ని, కాబట్టి వినగానే గుర్తుపట్టేవారు. మీ పూజారిని ఎవరూ ఎన్నడూ వినలేదు, అలవాటు పడటానికి టైం పడుతుంది. 2015 నుంచి నడుస్తున్న క్రిటికల్ రోల్ అనే షోలో ఇదే ఆట ఆడేవాళ్లని చూసి అలా రావట్లేదని దిగులు పడేవాళ్లకి ఒక్క మాట: అక్కడ కూర్చున్నవాళ్లకి గొంతు అరువివ్వడమే వృత్తి.

అరుదైనవి

మాస్క్, జలుబు, పక్క గదిలో కుక్కర్: వీటికి గైడ్ అక్కర్లేదు. డిస్కార్డ్ వాయిస్ చాట్‌లో ఆడుతుంటే మాత్రం, చప్పుళ్లు తీసేసే నాయిస్ సప్రెషన్ మీ గుసగుసల్ని చప్పుడనుకుని మింగేస్తుండొచ్చు. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేసి, ఒకసారి తగ్గు గొంతుతో మాట్లాడి, అవతల వినపడిందా అని అడగండి.