బిజీ వారంలోనూ స్నేహితులతో ఆటలు ఆడుకోవడం ఎలా? బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ల కోసం

"ఈ వీకెండ్ తప్పకుండా కలుద్దాం" అనుకుంటూనే నెలలు గడిచిపోవడం బెంగళూరులో మామూలే. ఒకరు మారతహళ్లి, ఒకరు ఎలక్ట్రానిక్ సిటీ, మధ్యలో సిల్క్ బోర్డ్ ట్రాఫిక్. ఆఫీసయ్యాక జిమ్‌కి వెళ్లే ఓపికా ఉండదు, స్నేహితుల్ని కలిసే తీరికా ఉండదు. వేర్వేరు పనులుగా పెట్టుకుంటే రెండూ జరగవు కాబట్టి రెంటినీ కలిపేయండి. ఒక్కరే వాకింగ్‌కి వెళ్లేటప్పుడు ఓ రోజు మానేసినా అడిగేవాళ్లుండరు. అదే నలుగురు ఆడే షటిల్‌కి మీరు డుమ్మా కొడితే మిగతా ముగ్గురి ఆటా చెడుతుంది. ఆ మొహమాటం చాలు, బద్ధకంగా ఉన్న రోజున కూడా బూట్లు వేసుకుని బయటికి వస్తారు.

ఎంత కదలాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి. గట్టి శ్రమైతే 75 నుంచి 150 నిమిషాలు చాలు. కండరాలకు పని చెప్పే వ్యాయామం కనీసం 2 రోజులు ఉండాలి. ఇదంతా ఒకే దెబ్బలో చేయక్కర్లేదు, కొంచెం కొంచెంగా చేసినా లెక్కలోకి వస్తుంది. బుధవారం గంటసేపు షటిల్, ఆదివారం గంట నడక, ఆఫీసున్న 5 రోజులూ భోజనం తర్వాత పది నిమిషాల నడక వేసుకోండి. అప్పటికే 170 నిమిషాలు. ఇంట్లో రెండు రోజులు కాసిని గుంజీళ్లు, దండాలు తీస్తే మిగతాదీ తీరుతుంది.

1. ఆరుగుర్ని కూర్చుకోండి

డబుల్స్‌కి నలుగురు చాలు, కానీ నలుగుర్నే నమ్ముకోవద్దు. ఒకరికి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంటుంది, ఇంకొకరు ఊరెళ్తారు. ఆరుగురుంటే ఏ వారమైనా నలుగురు తేలుతారు. బాగా ఆడేవాళ్లే కావాలని వెతక్కండి. రోజూ లిఫ్ట్‌లో పలకరించుకునే పక్క ఫ్లాట్ వాళ్లు, ఊరి నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన తమ్ముడు, ఆఫీసులో టీకి కలిసే ఇద్దరు, వీళ్లు చాలు.

2. రోజు, చోటు ఖాయం చేయండి

రోజు మారుతూ ఉంటే ఆట నిలవదు. వారం మధ్యలో ఒక రోజు, ఒకే టైము పెట్టుకోండి. చోటు ఎక్కువమంది ఇళ్లకు దగ్గరగానో ఆఫీసుకు దగ్గరగానో ఉండాలి. "అందరికీ మధ్యలో" అని ఎంచుకుంటే అందరూ సాయంత్రం రింగ్ రోడ్డు మీదే ఉంటారు. ఇక్కడ వానలు ఎక్కువగా సాయంత్రాలే దంచుతాయి కాబట్టి వారం మధ్య ఆటకు పైకప్పున్న కోర్టే మేలు.

పిలవడంలోనూ పద్ధతుంది. గ్రూపులో "ఎవరెవరు వస్తారు?" అని అడిగితే "చూస్తా", "ట్రై చేస్తా" తప్ప ఏమీ రాదు. "మామా, బుధవారం ఏడింటికి కోర్టు బుక్ చేశా. నాలుగోవాడివి నువ్వే, వచ్చెయ్" అని ఒక్కొక్కరికీ విడిగా పెట్టండి.

3. సామాన్లు

రాకెట్ ఖరీదైనది అక్కర్లేదు. డబ్బు పెట్టాల్సింది బూట్లకు. రన్నింగ్ షూస్‌కి అడుగు ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. ముందుకు పరిగెత్తడానికి అవి బాగుంటాయి గానీ షటిల్‌లో పక్కలకు దూకినప్పుడు చీలమండ మడతపడే ప్రమాదం ఎక్కువ. నాన్ మార్కింగ్ (నేల మీద మరకలు పడనివ్వని అడుగున్న) షటిల్ షూస్ కొనుక్కోండి. చాలా కోర్టుల్లో అవి లేకపోతే లోపలికి రానివ్వరు కూడా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నైలాన్ షటిల్ కాక్ చాలు. ఈకలది ఆడటానికి హాయిగా ఉంటుంది కానీ దెబ్బ సరిగ్గా పడకపోతే త్వరగా విరిగిపోతుంది.

4. ఆట మొదలయ్యాక

ముందు ఐదు నిమిషాలు కోర్టు చుట్టూ మెల్లగా పరిగెత్తి, భుజాలు, చీలమండలు తిప్పుకోండి. రోజంతా కుర్చీలో కూర్చున్న ఒళ్లు కోర్టులో దిగగానే స్మాష్ (పైనుంచి బలంగా కిందికి కొట్టే దెబ్బ) కొడితే భుజం పట్టేస్తుంది. మొదటి గేమ్‌లో స్మాష్‌లు వద్దు.

ఆరుగురూ వచ్చిన రోజున 21 పాయింట్ల గేమ్ పెడితే బయటున్న ఇద్దరూ ఫోన్లలో పడిపోతారు. 11కే ముగించండి. ఓడిన జట్టు దిగాలి, బయటి జట్టు ఎక్కాలి. గంటలో అందరికీ సరిపడా ఆట దొరుకుతుంది. బాగా ఆడేవాళ్లను, కొత్తవాళ్లను ఒకే జట్టులో వేయండి. పొరపాటున కూడా ఇద్దరు కొత్తవాళ్లను ఒకవైపు పెట్టి చితక్కొట్టకండి. అలా ఓడినవాళ్లు మళ్లీ రారు, మీ ఆరుగురు నలుగురవుతారు. వాళ్లకు సర్వీస్ కుదరకపోతే రెండోసారి వేయనివ్వండి. ఏం పోతుంది?

బీపీ, షుగర్, గుండె సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి. ఆటలో ఛాతీ పట్టేసినట్టున్నా కళ్లు తిరిగినా వెంటనే ఆపేయాలి. ఛాతీ నొప్పి తగ్గకపోతే ఆసుపత్రికే, "గ్యాస్ అయ్యుంటుంది" అని కూర్చోవద్దు.

5. ఆదివారం అందరూ

షటిల్ రాని స్నేహితులూ, ఇంట్లో పిల్లలూ ఉంటారుగా. కబ్బన్ పార్కు లోపలి రోడ్ల మీద ఆదివారం వాహనాలను రానివ్వరు, పిల్లల్ని నిశ్చింతగా వదలొచ్చు. వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైన్‌లో నేరుగా కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగొచ్చు. ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లకు 2025 ఆగస్టు నుంచి ఎల్లో లైన్ ఉంది. ఆర్.వి. రోడ్‌లో గ్రీన్ లైన్‌కు మారితే లాల్‌బాగ్ స్టేషన్ వస్తుంది. 240 ఎకరాల ఆ తోటలో కెంపేగౌడ కట్టించిన గోపురమున్న రాతిగుట్ట ఎక్కితే కాళ్లకు మంచి పని. ఆదివారం మెట్రో కాస్త ఆలస్యంగా మొదలవుతుంది, చూసుకుని బయల్దేరండి.

అంత దూరం వద్దనుకుంటే అపార్ట్‌మెంట్ ఆవరణలోనే ఏడు పెంకులాట పెట్టండి. ఏడు పలకలు, ఒక టెన్నిస్ బంతి చాలు. పెంకుల్ని పడగొట్టి, బంతి తగలకుండా మళ్లీ పేర్చాలి. పెద్దవాళ్లు ఒంగుతూ, తప్పించుకుంటూ, పరిగెత్తుతూ పదిహేను నిమిషాల్లో చెమటలు కక్కుతారు. ఇది తెలియని కన్నడ, తమిళ పిల్లలెవరూ నాకు కనబడలేదు, వాళ్లనూ పిలవండి.

డెడ్‌లైన్ ఉన్న వారం

ఆ వారం ఆట కుదరదు. అప్పుడు స్నేహితుడికి ఫోన్ చేసి, మీరు మీ వీధిలో, వాళ్లు వాళ్ల వీధిలో మాట్లాడుకుంటూ ఇరవై నిమిషాలు నడవండి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం మాటలు ఆపండి.

డబ్బుల సంగతి

కోర్టు అద్దె, కాక్‌ల ఖర్చు నెలకు ఒకరు పెట్టి, నెలాఖరున పంచుకుంటే ప్రతిసారీ లెక్కలుండవు. ఆ నెల బుకింగ్ బాధ్యతా వాళ్లదే. రానివాళ్ల దగ్గర వాటా తీసుకోవాలా వద్దా అన్నది మొదటి వారమే అందరూ కూర్చుని తేల్చుకోండి. బుకింగ్ మాత్రం ఇంటికెళ్లి చేద్దాం అనుకోవద్దు. కోర్టు దిగి నీళ్లు తాగుతుండగానే వచ్చే బుధవారానికి స్లాట్ పట్టేయండి.