రాయలసీమ పెరట్లో బాతుల సంకరం: జత కట్టించడం మొదలు పిల్లలను దక్కించుకునేదాకా

రెండు రకాల బాతులను ఒకే పెరట్లో వదిలితే అవి కలిసి పిల్లలను కంటాయి. కాని ఆ పిల్లలు మనకు ఎందుకు కావాలో ముందుగా తేల్చుకోకపోతే, రెండేళ్లు తిరిగేసరికి గుడ్లకూ మాంసానికీ కొరగాని కలగాపులగపు మంద మిగులుతుంది. గుడ్లు ఎక్కువ కావాలనుకునేవారు నాటు ఆడబాతులకు కాకీ క్యాంప్‌బెల్ మగబాతును, మాంసం కోసం పెంచేవారు వైట్ పెకిన్ మగబాతును ఎంచుకోవాలి. నిజానికి కాకీ క్యాంప్‌బెల్ కూడా ఇటువంటి ఇంటి సంకరం నుండే వచ్చింది. సుమారు 1900 ప్రాంతంలో ఇంగ్లండులో అడెలె క్యాంప్‌బెల్ అనే ఆవిడ తన ఇంటి దగ్గర ఇండియన్ రన్నర్, రూయెన్ అనే పెంపుడు బాతు రకాలను, మల్లార్డు అనే అడవి బాతును కలిపి ఆ జాతిని తయారుచేశారు. మంచి మేపు దొరికితే అది ఏడాదికి 300 గుడ్ల వరకు పెడుతుంది.

మస్కోవీ బాతును మాత్రం వేరుగా లెక్కించాలి. మిగిలిన పెంపుడు బాతులన్నీ మల్లార్డు సంతతి కాగా, ముఖం చుట్టూ ఎర్రని కండబుడిపెలు ఉండి, అరవడానికి బదులు బుసకొట్టినట్లు శబ్దం చేసే ఈ బాతు దక్షిణ అమెరికాకు చెందిన వేరే ప్రజాతి. దానిని పెకిన్‌తో కలిపితే పుట్టేవి కండ బాగా పట్టే పిల్లలే అయినా, కంచరగాడిద వలె అవి గొడ్డువి; వాటితో మందను పెంచుకోవడం సాధ్యం కాదు. నాలుగైదు కిలోలు తూగే మస్కోవీ మగబాతును చిన్న నాటు బాతులపైకి వదిలితే వాటికి గాయాలు అవుతాయి కనుక, ఈ సంకరానికి పెకిన్ ఆడబాతులనే వాడాలి. సహజంగా కలిసినప్పుడు ఈ జతలో చాలా గుడ్లు పిల్ల కట్టవు. మొదటిసారి ప్రయత్నించేవారికి దీనిని నేను సిఫార్సు చేయను.

జత కట్టించడానికి మన కర్నూలు, అనంతపురం ప్రాంతాలలో వినాయక చవితి మొదలు శివరాత్రి వరకు మంచి కాలం. ఎండ 40 డిగ్రీలు దాటే నెలలలో మగబాతుల సత్తువ తగ్గి గుడ్లు వట్టిపోతాయి. ఐదారు ఆడబాతులకు ఒక మగబాతు చాలు. ఆడవాటికంటే అది నెల రోజులు పెద్దదైతే మరీ మంచిది. ఆడబాతులు అంతకుముందు వేరే మగబాతుతో తిరిగి ఉంటే, దానిని తీసివేసిన తరువాత మూడు వారాలు గడిచేదాకా గుడ్లను పొదగ వేయరాదు. పాత మగబాతు వీర్యం ఆడబాతు శరీరంలో అన్నాళ్లూ నిలిచి ఉండవచ్చు. కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద మడులు ఉన్నవారికి నీటి చింత లేదు. నీరు కరువైన చోట మోకాలి లోతు సిమెంటు తొట్టి ఒకటి ఉంటే సరిపోతుంది. బరువైన పెకిన్‌లు నీటిలో సులువుగా జతకడతాయి.

రంగుల విషయం తెలిసి ఉంటే పని చాలా తేలిక అవుతుంది. కాకీ రంగునిచ్చే గుణం, పిల్ల ఆడదో మగదో నిర్ణయించే లింగ క్రోమోజోము మీద ఉంటుంది. పక్షులలో ఆడపిల్లకు ఆ క్రోమోజోము తండ్రి నుండి ఒక్కటే వస్తుంది. అందువల్ల కాకీ మగబాతును ముదురు రంగు నాటు ఆడబాతుతో కలిపినప్పుడు, ఆడపిల్లలు తండ్రిలా లేత రంగు నూగుతోను, మగపిల్లలు తల్లిలా ముదురు నూగుతోను పుడతాయి. మొదటి రోజే వేరు చేసుకోవచ్చు. జతను తారుమారు చేసి నాటు మగబాతును, కాకీ ఆడబాతును పెడితే పిల్లలన్నీ ముదురుగానే వస్తాయి కాబట్టి ఈ వీలు ఉండదు. పెకిన్ తెలుపు, రంగు గుణం ఎదుట బయటపడకుండా అణగి ఉండే గుణం కనుక పెకిన్, నాటు జతకు సాధారణంగా రంగు పిల్లలే పుడతాయి, మోసపోయామని అనుకోనక్కరలేదు.

బాతులు తెల్లవారుజామున గుడ్లు పెడతాయి. ఉదయం తొమ్మిదిదాకా వాటిని బయటికి వదలకుండా ఉంటే గుడ్లు చేజారవు. మురికి అంటని గుడ్లను తడి ఇసుకపై ఉంచిన మట్టికుండలో నిలవ చేసి, వారంలోపే పొదగ వేయాలి. కాకీ, పెకిన్ బాతులు పొదుగుకు కూర్చోవడం అరుదు కనుక పొదుగుకు వచ్చిన నాటుకోడి కింద ఎనిమిది నుండి పది గుడ్లు పెట్టాలి. తల్లిబాతు తడి ఈకలతో వచ్చి గుడ్లకు చెమ్మనిస్తుంది, కోడి ఇవ్వలేదు. పొడిగాలి వీచే మన ప్రాంతంలో రెండో వారం నుండి రోజుకొకసారి గోరువెచ్చని నీటిని చిలకరించడం తప్పనిసరి. ఏడో రోజు రాత్రి టార్చి వెలుతురులో చూసి నరాలు కనిపించని గుడ్లను తీసివేయాలి. పిల్లలు 28వ రోజుకు వస్తాయి. మస్కోవీ గుడ్లకు 35 రోజులు, దాని సంకరానికి ఆ రెంటికీ నడుమ పడుతుంది. ఇంక్యుబేటరు వాడేవారు 37.5 డిగ్రీల వేడి ఉంచి, 25వ రోజు నుండి గుడ్లను తిప్పడం ఆపి, తేమ పెంచాలి.

పుట్టిన పిల్లలను దక్కించుకోవడంలో మన సీమవారికి ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. అనంతపురంలో చౌకగా దొరికే వేరుశనగ చెక్కకు, తడిసిన కాయలకు పట్టే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. బాతుపిల్లలు ఈ విషానికి ఎంతగా లొంగుతాయంటే, 1960లో ఇంగ్లండులో వేరుశనగ పిండి తిన్న టర్కీ కోళ్లతో పాటు బాతుపిల్లలు కూడా గుంపులుగా చనిపోయిన తరువాతే శాస్త్రజ్ఞులు దానిని కనిపెట్టారు. నేను సైతం తడి తగిలిన చెక్కను ఎండబెట్టి పెట్టి పిల్లలను పోగొట్టుకున్నాను. ఎండ ఆ విషాన్ని పూర్తిగా పోగొట్టదు. మొదటి నెల చెక్క అసలే పెట్టకుండా, తాజా నూకలు, తవుడు, ఉడికించిన గుడ్డు, లేకుంటే మందులు కలపని కోడిపిల్లల దాణా తడిపి పెట్టడం క్షేమం. పిల్లల కింద పరుపుగా వేరుశనగ పొట్టు కాకుండా పొడి వరిపొట్టు పరవాలి. నీటి పాత్ర ముక్కు మునిగేంత లోతు ఉండాలి కాని ఒళ్లు తడవకూడదు. కోడి పొదిగిన పిల్లలకు తల్లిబాతు ఈకల నూనె అందదు కనుక, ఈకలు వచ్చేదాకా వాటిని నీటిలోకి దింపరాదు.

మొదటి తరం సంకరంలో కనిపించే బలం, ఆ పిల్లలను వాటిలో వాటికే జతకడితే తగ్గిపోతుంది. అందుచేత తల్లిదండ్రుల జాతులను విడివిడి కొట్టాలలో స్వచ్ఛంగా నిలుపుకొని, ఏటా వాటినుండే మళ్లీ సంకరం తీయాలి. పిల్లల కాళ్లకు రంగు వలయాలు తొడిగి, ఏ జతకు ఎప్పుడు పుట్టాయో నోటుపుస్తకంలో రాసుకోవాలి. సంకర మగబాతులను గుర్తుపట్టడం కష్టం కాదు. రెండు మూడు నెలలకు వాటి తోకపై ఈక మెలితిరుగుతుంది, మస్కోవీ సంకరం కానంతవరకు. వాటిని అప్పుడే మంద నుండి వేరు చేయాలి, ఊరి చెరువులో మాత్రం వదిలివేయకూడదు. ముక్కు కొన పసుపుగా ఉండే మన అడవి బాతులతో అవి జతకట్టి, ఆ అడవి జాతినే కల్తీ చేయగలవు.