అల్జీమర్స్ మందులు ఇంట్లో ఎలా వేయాలి, ఏం గమనించాలి

అల్జీమర్స్‌కు డాక్టర్లు రాసే మాత్రలు పోయిన జ్ఞాపకాలను తిరిగి తేలేవు. కొందరికి కొంతకాలం మతిమరుపు, తికమక అదుపులో ఉండి, తమ పనులు తాము చేసుకోగలుగుతారు. ఆ మేలు దక్కాలంటే మోతాదు మెల్లగా పెంచాలి. పెంచిన ప్రతిసారీ మనిషిని గమనించాలి.

మొదట రాసేది ఎక్కువగా డోనెపెజిల్. రాత్రి పడుకునే ముందు 5 మి.గ్రా.తో మొదలుపెట్టి, ఒంటికి పడితే 4 నుంచి 6 వారాల తర్వాత 10 మి.గ్రా. చేస్తారు. వికారం, విరేచనాలు, ఆకలి మందగించడం మొదటి వారాల్లో మామూలే. చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. పీడకలలు వస్తుంటే మాత్రను ఉదయానికి మార్చవచ్చేమో డాక్టరును అడగండి. ఈ మందు గుండె వేగాన్ని తగ్గించగలదు. అందుకే బీపీకో గుండెకో అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడుతుంటే ముందే చెప్పి, ఈసీజీ తీయించండి. కళ్లు తిరిగి పడిపోయినా, నాడి నిమిషానికి 50కి దిగినా తర్వాతి మాత్ర వేయకముందే డాక్టరుతో మాట్లాడాలి. నెలకోసారి బరువు రాసిపెట్టండి.

జబ్బు మధ్య దశకు వచ్చాక మెమాంటిన్ చేరుస్తారు. మొదటి వారం రోజుకు 5 మి.గ్రా., తర్వాత వారానికి 5 చొప్పున పెంచుతూ నాలుగో వారానికి 20. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఇందులో సగమే ఇస్తారు కాబట్టి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు చూపించాలి. రెండు మందులూ కలిపిన మాత్రలు మన షాపుల్లో దొరుకుతాయి. అవి మొదలుపెట్టిన రోజే పాత డోనెపెజిల్ స్ట్రిప్పు డబ్బాలోంచి తీసేయండి, లేకపోతే రెండింతలు పడుతుంది.

మాత్రలు కడుపులో ఇమడనివారికి రివాస్టిగ్మిన్ ప్యాచ్ (చర్మానికి అంటించే మందు పట్టీ) ఉంది. 24 గంటలకు 4.6 మి.గ్రా. ఇచ్చే ప్యాచ్‌తో మొదలు, కనీసం 4 వారాల తర్వాత 9.5. దీంతో జరిగే అతి ప్రమాదకరమైన పొరపాటు, పాతది తీయకుండా కొత్తది అంటించడం. వాంతులు పట్టుకుంటాయి, నాడి పడిపోతుంది, ప్రాణం మీదికీ రావచ్చు. కాబట్టి ముందు పాతది తీసి, జిగురు వైపు లోపలికి మడిచి పారేయండి. స్నానం చేయించి ఒళ్లు పూర్తిగా ఆరాక, నూనె, పౌడరు, క్రీము లేనిచోట కొత్తది పెట్టి 30 సెకన్లు గట్టిగా అదమండి. పీకేసే అలవాటున్నవారికి చెయ్యి అందని వీపు మీద వేయడం మేలు. అదే చోట మళ్లీ 14 రోజుల దాకా వేయకూడదు. ఎక్కడ వేశారో క్యాలెండరు మీద రాయండి. కత్తిరించకండి. ప్యాచ్ మీద వేడినీళ్ల సంచి పెట్టకండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఆలోపు కళ్లు ముట్టుకోకూడదు. 3 రోజులకు మించి మానేస్తే పాత మోతాదుతో కొనసాగించకండి, మళ్లీ 4.6 నుంచే మొదలుపెట్టాలి. ఈ విషయం డాక్టరుకు చెప్పండి.

ఇళ్లలో ఎవరూ అనుమానించని ఇబ్బంది ఒకటుంది. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమిన్, కడుపునొప్పికి వేసే డైసైక్లోమిన్, నిద్రకూ నరాల నొప్పికీ రాసే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివారికిచ్చే ఆక్సీబ్యూటినిన్ డోనెపెజిల్‌కు సరిగ్గా ఎదురు పనిచేస్తాయి. తికమకను పెంచుతాయి కూడా. డోనెపెజిల్ వల్లే కొందరికి మూత్రం ఆగదు. దానికి మరో డాక్టరు ఆక్సీబ్యూటినిన్ రాస్తే రెండు మందులూ ఒకదాని పనిని ఒకటి చెడగొడతాయి. కొత్త ఇబ్బంది కనిపిస్తే ఇంకో మాత్ర అడిగేముందు, ఇది పాత మాత్ర పనేమో అడగండి.

ఉన్నట్టుండి కోపం, కేకలు, రాత్రంతా తిరగడం మొదలైతే ముందు మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, పంటినొప్పి లాంటివి చూడాలి. ఈ గొడవను అణచడానికి రాసే క్వెటియాపిన్, రిస్పెరిడోన్ వంటి మానసిక జబ్బుల మందులు డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ఉన్న వృద్ధుల్లో మరణాలను పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. తమకో ఇతరులకో హాని చేసుకునే పరిస్థితి ఉంటే తప్ప వీటి జోలికి పోకూడదు. తప్పనిసరైతే అతి తక్కువ మోతాదులో వేస్తూ, 6 నుంచి 12 వారాల్లోపు ఆపగలమేమో చూడమనండి.

లెకనెమాబ్, డోనానెమాబ్ అనే ఇంజెక్షన్లు తొలిదశ వారికి మాత్రమే. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉన్నందున పదేపదే ఎమ్మారై తీయాలి. జబ్బు ముదిరినవారికి వాటికోసం అప్పులు చేయకండి.

ఇక మాత్రలు పనిచేయడం లేదనిపించినా ఒక్కసారిగా మానేయకండి. కొందరిలో పరిస్థితి చటుక్కున దిగజారుతుంది. డాక్టరు చెప్పినట్టు ముందు సగానికి తగ్గించి కొన్ని వారాలు గమనించండి. నడక, తిండి, మాట తేడాగా ఉంటే మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఉంటుంది.