సొంత మెయిల్ సర్వర్‌లో స్పామ్ ఫిల్టర్ సరిగ్గా పనిచేయాలంటే ఎలా?

విశాఖ పోర్టు పనులు చూసే క్లియరింగ్ ఏజెంట్ ఇన్‌బాక్స్ ఎలా ఉంటుందో తెలుసు కదా. 'అర్జెంట్ పేమెంట్', 'ఇన్‌వాయిస్ అటాచ్డ్', 'బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ'. అసలు మెయిలూ అలాగే ఉంటుంది, దొంగ మెయిలూ అలాగే ఉంటుంది. స్పామ్ ఎక్కువైందని ఫిల్టర్‌ను ఒక్కసారిగా బిగిస్తే ముందు ఆగిపోయేది కస్టమర్ మెయిలే. అందుకని ఫిల్టర్ మెయిలుకు వేసే స్పామ్ స్కోర్ల జోలికి ఆఖర్న వెళ్దాం. పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ తీసుకునేది, పంపేది), డవ్‌కాట్ (మెయిల్‌బాక్సులు చూసేది), ఆర్‌స్పామ్‌డీ (స్పామ్ ఫిల్టర్) ఉన్న సర్వర్‌కు వరస ఇది.

1. మొదట డీఎన్ఎస్ చూడండి. చాలామంది ఇక్కడ చూడనే చూడరు. స్పామ్ పంపే ఐపీ అడ్రసుల బ్లాక్‌లిస్టును స్పామ్‌హౌస్ ఉచితంగా ఇస్తుంది, దాన్ని డీఎన్ఎస్ ద్వారానే అడగాలి. గూగుల్ 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ (డీఎన్ఎస్ ప్రశ్నలకు జవాబు తెచ్చే సర్వర్) ద్వారా అడిగితే అసలు జవాబు బదులు ఎర్రర్ కోడ్ వస్తుంది. సర్వర్‌లోనే డిగ్ కమాండ్‌తో స్పామ్‌హౌస్ జెన్ లిస్టును అడగండి: dig 2.0.0.127.zen.spamhaus.org (ఐపీని తిరగేసి రాయాలి). అది టెస్టు కోసం పెట్టిన ఎంట్రీ. 127.0.0.2 లాంటి జవాబు వస్తే టెన్షన్ లేదు. 127.255.255.254 వస్తే మీ రిజాల్వర్ చెల్లలేదన్నమాట.

పోస్ట్‌ఫిక్స్‌లో లిస్టు పేరొక్కటే రాసి వదిలేస్తే ఇంకా ప్రమాదం. ఆ ఎర్రర్ కోడ్‌నే 'లిస్టులో ఉంది' అని తీసుకుని, వచ్చిన ప్రతి మెయిలునూ తిప్పికొడుతుంది. 127.0.0.2 నుంచి 127.0.0.11 వరకు వచ్చే జవాబులనే లెక్కించమని రాయండి. సర్వర్‌లో అన్‌బౌండ్ అనే సొంత రిజాల్వర్ పెట్టి, వేరే రిజాల్వర్‌కు ఫార్వర్డ్ చేయకుండా, ఆర్‌స్పామ్‌డీకి 127.0.0.1 చూపించండి. వ్యాపారానికి వాడేవాళ్లు స్పామ్‌హౌస్ షరతులు కూడా చదువుకోవాలి.

2. ఇప్పుడు ఆర్‌స్పామ్‌డీలోని బేయ్స్ (Bayes) ఫిల్టర్‌కు, అంటే పాత మెయిళ్లలోని మాటలు చూసి నేర్చుకునేదానికి, మీ మెయిల్ నేర్పండి. మామూలు సెట్టింగ్‌లో స్పామ్ 200, మంచి మెయిల్ 200 చూసేదాకా అది నోరు విప్పదు. మంచి మెయిల్ నేర్పడమే ముఖ్యం, అందరూ మర్చిపోయేదీ అదే. మీ పాత ఇన్‌వాయిస్‌లు, షిప్పింగ్ లైన్ల నోటీసులు, తెలుగులో రాసుకున్న మెయిళ్లు అన్నీ ఇవ్వండి. ఎక్కడో దొరికిన స్పామ్ కట్టలు తెచ్చి పోయకండి.

రోజువారీ నేర్పడానికి డవ్‌కాట్‌లో ఐమ్యాప్‌సీవ్ ఉంది, మెయిల్‌ను ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు పనిచేసే ప్లగిన్ అది. జంక్‌లోకి లాగితే స్పామ్‌గా, బయటికి తీస్తే మంచిదిగా నేర్చుకుంటుంది. జంక్ నుంచి ట్రాష్‌కు వెళ్లేవాటిని మాత్రం మినహాయించండి. లేకపోతే డిలీట్ చేసిన స్పామంతా మంచి మెయిల్ ఖాతాలో పడుతుంది.

3. నమ్మకమైనవాళ్లను వైట్‌లిస్టులో పెట్టేటప్పుడు ఫ్రమ్ అడ్రస్ చూసి వదలొద్దు, అది ఎవరైనా రాసుకోవచ్చు. డీకిమ్ సంతకం (పంపిన డొమైన్ మెయిలుపై వేసే డిజిటల్ సంతకం) సరిపోతేనే వదలమనండి.

4. ఇక స్కోర్లు. ఆర్‌స్పామ్‌డీలో మామూలుగా 4 దగ్గర గ్రేలిస్టింగ్ (మెయిల్‌ను తాత్కాలికంగా వెనక్కి పంపి, కాసేపాగి మళ్లీ పంపమనడం), 6 దగ్గర స్పామ్ హెడర్ (స్పామ్ అని గుర్తు పెట్టి లోపలికి వదలడం), 15 దగ్గర తిరస్కరణ. కొన్నాళ్లు హిస్టరీ పేజీ చూసి, తప్పుగా ఆగినవాటికి ఏ నియమం (సింబల్) వల్ల ఎంత స్కోరు పడిందో గమనించి, ఆ ఒక్కదాన్నే సవరించండి. గ్రేలిస్టింగ్ వల్ల ఓటీపీలు ఆలస్యమైతే దాన్ని తీసేయండి, పెద్ద నష్టమేమీ లేదు.

ఒక్కటి మాత్రం ఏ ఫిల్టరూ పట్టలేదు. నిజమైన కస్టమర్ మెయిల్‌బాక్సే హ్యాక్ అయి, అందులోంచి 'మా బ్యాంకు అకౌంట్ మారింది' అని వస్తే డీకిమ్‌తో సహా అన్నీ సరిగ్గానే ఉంటాయి. అలాంటప్పుడు పాత నంబర్‌కు ఫోన్ చేసి అడిగాకే డబ్బు పంపాలని అకౌంట్స్ వాళ్లకు చెప్పి ఉంచండి.