రివర్‌లో రెయిజ్ ఎప్పుడు కొట్టాలి

నో లిమిట్ హోల్డెమ్ అనే పోకర్ ఆటలో బోర్డు మీద ఐదో ముక్క, అంటే రివర్, పడ్డాక ఇక రావాల్సిందేమీ ఉండదు. ఫ్లాప్‌లోనో (మొదటి మూడు ముక్కలు) టర్న్‌లోనో (నాలుగోది) అయితే, అవతలివాడు కాల్ చేసినా (మన పందేనికి సమానంగా పెట్టినా) ముక్క తగిలితే గెలుస్తాంలే అని రెయిజ్ చేయొచ్చు (పందెం పెంచొచ్చు), రివర్‌లో ఆ ఛాన్స్ లేదు. మీ రెయిజ్‌ని మీకంటే చిన్న హ్యాండ్ (ముక్కల కలయిక) కాల్ చేయాలి, లేదా పెద్ద హ్యాండ్ ఫోల్డ్ అవ్వాలి (పోటీ వదిలి ముక్కలు పడేయాలి). రెండింట్లో ఏదీ జరిగేలా లేకపోతే కాల్ కొట్టి ఊరుకోండి.

బోర్డు మీద ఇస్పేట్ రాజు, ఇస్పేట్ తొమ్మిది, డైమన్ నాలుగు, కళావర్ ఏడు, చివర్లో ఇస్పేట్ రెండు పడ్డాయనుకుందాం. మీ దగ్గర రాజు, తొమ్మిది, అంటే టూ పెయిర్ (రెండు జతలు). అవతలివాడు పాట్ (మధ్యలో పోగైన డబ్బు) అంత బెట్ వేశాడు. అతని బ్లఫ్‌లన్నిటినీ (చేతిలో ఏమీ లేకుండా బెదిరించడం) మీరు కొడతారు, నిజమే, కానీ రెయిజ్ చేస్తే అవన్నీ పారిపోతాయి, ఒంటి రాజు పెయిర్ కూడా చాలాసార్లు పడేస్తాడు, మిగిలేది ఫ్లష్‌లూ (ఐదు ముక్కలూ ఒకే గుర్తువి) సెట్‌లూ (ఒకే అంకె ముక్కలు మూడు). లెక్కపెట్టాల్సింది రెయిజ్‌ని కాల్ చేసే హ్యాండ్‌లను మాత్రమే, వాటిలో సగానికి పైగా మీకంటే చిన్నవైతేనే లాభం. అదే పాట్‌లో పావు వంతు బెట్ వేశాడా, తరచూ అది పెద్ద బెట్‌కి భయపడే రాజు పెయిర్, అప్పుడు అదే టూ పెయిర్‌తో అతని బెట్‌కి మూడు రెట్లకి రెయిజ్ చేయొచ్చు.

బ్లఫ్‌కి లెక్క కావాలి. పాట్ 100, అతని బెట్ 50, మీరు 200కి రెయిజ్ చేశారు. 150 కోసం 200 పెడుతున్నారు కాబట్టి అతను కనీసం 57 శాతం సార్లు ఫోల్డ్ అవ్వాలి. అతని వైపు నుంచి చూస్తే ఇంకో 150 పెట్టి 500 పాట్‌కి ఆడుతున్నాడు, అంటే 30 శాతం గెలిస్తే చాలు. మీ రెయిజ్‌లలో పదికి మూడింటి కంటే ఎక్కువ బ్లఫ్‌లున్నాయని పసిగడితే మిమ్మల్ని వదలడు.

బ్లఫ్‌కి ఏ ముక్కలు? అదే బోర్డు మీద ఇస్పేట్ ఆసు, డైమన్ రాణి బాగుంటాయి, ఎందుకంటే అన్నిటికన్నా పెద్ద ఫ్లష్ అతని దగ్గర ఉండే వీలే లేదు. పది, ఎనిమిదితో స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు) తప్పిపోయినవాళ్లు ఊరికే ఆవేశపడతారు గానీ, ఆ ముక్కలు మీ దగ్గరుంటే అతను బ్లఫ్ చేస్తూ ఫోల్డ్ అయ్యే హ్యాండ్‌లే తగ్గిపోతాయి. ముందు రెండు రౌండ్లూ కాల్ చేస్తూ వచ్చి ఉంటే ఫ్లష్ కథ నమ్ముతాడు. టర్న్‌లోనే గట్టిగా రెయిజ్ చేసి ఉంటే కొంచెం అనుమానిస్తాడు. ఇక ఏదొచ్చినా కాల్ కొట్టేవాడి మీద బ్లఫ్ వద్దు, దండగ.

రెయిజ్ సైజు మాత్రం నట్స్‌కీ (ఆ బోర్డు మీద అన్నిటికన్నా పెద్ద హ్యాండ్) బ్లఫ్‌కీ ఒకటే ఉంచండి. మీరు ముందు ఆడాల్సి వచ్చి చెక్-రెయిజ్ (ముందు బెట్ వేయకుండా చెక్ చేసి, అతను వేశాక పెంచడం) అనుకుంటే, అతను కచ్చితంగా బెట్ వేసే రకమైతేనే చేయండి, లేదంటే వెనక చెక్ చేసి మీ నట్స్‌ని ఉచితంగా చూసేస్తాడు. చిన్న పందేల ఆటల్లో మీకే రివర్ రెయిజ్ తగిలిందా, అక్కడ దాన్ని బ్లఫ్‌గా వాడేవాళ్లు తక్కువ, ఒంటి పెయిర్ పడేయండి.