ఓరియన్ నెబ్యులా ఫొటోలో ఎరుపు ఎక్కడ పోతోంది?

చలికాలం రాత్రి హైదరాబాద్‌లో డాబా ఎక్కి, గొల్లకావడి మూడు చుక్కల కింద మసకగా కనిపించే నెబ్యులాకు, అంటే అంతరిక్షంలోని వాయుమేఘానికి, కెమెరా గురిపెట్టిన ప్రతి ఒక్కరినీ ఈ ప్రశ్న వేధిస్తుంది. ఆ ఎరుపు నిజంగానే అక్కడ ఉంది. మనదాకా వచ్చే దారిలో ఎక్కడ పోతోందో వెతకాలి.

సమస్య: టెలిస్కోపులో కంటికి బూడిదరంగే కనిపిస్తోంది

పరికరంలో లోపమేమీ లేదు. మసక వెలుగులో పనిచేసే మన కంటి కణాలకు ఎరుపు దాదాపు ఆనదు. అరగంట చీకటిలో ఉంటే ఆకారం స్పష్టమవుతుంది కానీ రంగు రాదు.

సమస్య: కెమెరాలోనూ ఎరుపు పాలిపోయింది

అసలు చిక్కు ఇదే. సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ వాయుమేఘం నడుమ థీటా-1 ఓరియోనిస్ సి అనే వేడి యువతార ఉంది. 91.2 నానోమీటర్ల కన్నా తక్కువ తరంగదైర్ఘ్యమున్న దాని అతినీలలోహిత కాంతి హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. విడిపోయిన ఎలక్ట్రాన్ మళ్లీ ప్రోటాన్‌ను చేరి, శక్తి స్థాయుల్లో మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకు దిగేటప్పుడు వెలువడేదే 656.3 నానోమీటర్ల ఎరుపు, హైడ్రోజన్-ఆల్ఫా. మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరాలో సెన్సర్ ముందుండే ఫిల్టరు, మనుషుల ఫొటోల్లో రంగులు సహజంగా రావాలని, సరిగ్గా ఈ ఎరుపులోనే ఎక్కువ భాగాన్ని ఆపేస్తుంది.

పరిష్కారం: అనుభవజ్ఞుల చేత ఆ ఫిల్టరు మార్పించాలి. ఆ తర్వాత పగటి ఫొటోలు ఎర్రబారతాయి కాబట్టి ఇంటి అవసరాలకు వాడే కెమెరాను ఇందుకు ఇవ్వకండి, పాతది వెతకండి. డబ్బు లేకపోతే ఎక్కువ ఫొటోలు తీసి కంప్యూటర్‌లో కలపండి, ఎరుపు కొంత తేలుతుంది.

సమస్య: ఆకాశమంతా తెల్లగా తేలిపోయింది

నగరపు వెలుగే కారణం. పాత సోడియం వీధిదీపాల కోసం చేసిన ఫిల్టర్లు ఎల్‌ఈడీల ముందు అంతగా పనిచేయవు, ఎల్‌ఈడీ కాంతి అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది మరి. హైడ్రోజన్-ఆల్ఫా ఎరుపును మాత్రమే వదిలే ఫిల్టరు అయితే డాబా మీద కూడా అద్భుతంగా పనిచేస్తుంది. దీన్ని మార్పించని కెమెరాకు బిగిస్తే డబ్బు వృథా: ఫిల్టరు వదిలే ఒక్క రంగునే కెమెరా ఆపుతుంది. ముందు కెమెరా, తర్వాతే ఫిల్టరు. రెండూ కుదరకపోతే అమావాస్య దగ్గర్లో వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల వైపు వెళ్లండి.

సమస్య: నడిమి భాగం తెల్లగా మాడిపోయింది

నెబ్యులా నడుమ గుంపుగా ఉన్న నాలుగు తారల చుట్టూ వెలుగు చాలా ఎక్కువ. కొన్ని సెకన్ల ఫొటోలు విడిగా తీసి, మధ్యభాగం వరకు వాటి నుంచి అతికించండి.