డెస్క్‌టాప్ సెట్టింగ్స్ సేవ్ అవ్వట్లేదా? ముందు ఈ చిన్న టెస్ట్ చేసి చూడండి

ఐకాన్లన్నీ ఓపిగ్గా సర్దుకుంటాం, వాల్‌పేపర్ మార్చుకుంటాం, రీస్టార్ట్ చెయ్యగానే అంతా మళ్ళీ మొదటికొస్తుంది. వెంటనే విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేద్దాం అనిపిస్తుంది కానీ తొందరపడకండి, చాలాసార్లు అంతదాకా వెళ్ళక్కర్లేదు. విండోస్ 10 అయినా 11 అయినా వెతికే పద్ధతి ఇంచుమించు ఒకటే.

ముందు డెస్క్‌టాప్ మీద ఒక టెక్స్ట్ ఫైల్ చేసి అందులో ఏదో ఒక ముక్క రాసి సేవ్ చేసి రీస్టార్ట్ కొట్టండి. ఫైల్ ఉందా, పోయిందా? సగం సంగతి ఇక్కడే తేలిపోతుంది.

ఫైల్ కూడా మాయమైతే గొడవ సెట్టింగ్స్‌ది కాదు, ప్రొఫైల్‌ది, అంటే మీ ఫైళ్ళు, సెట్టింగ్స్ అన్నీ ఉండే మీ అకౌంట్ ఫోల్డర్‌ది. మీ ప్రొఫైల్ తెరుచుకోక విండోస్ టెంపరరీ ప్రొఫైల్ ఒకటి ఇచ్చి లోపలికి పంపిందన్నమాట, సైన్ అవుట్ అవ్వగానే అందులో చేసినదంతా చెరిపేస్తుంది. కన్ఫర్మ్ చేసుకోవాలంటే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి సీఎండీ అని టైప్ చెయ్యండి, వచ్చే నల్ల విండోలో యూజర్స్ తర్వాత మీ ఫోల్డర్ పేరు ఉండాలి, దాని బదులు టెంప్ అని కనిపిస్తే అదే. ఇప్పుడు చేతిలో ఉన్న పని ఏదైనా ఉంటే ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి, ఆ తర్వాతే మిగతాది.

ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి దానంతటదే సర్దుకుంటుంది. లేకపోతే విండోస్ కీ, ఆర్ నొక్కి రెజ్‌ఎడిట్ (regedit) అని టైప్ చేసి రిజిస్ట్రీ ఎడిటర్ (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) తెరిచి, హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్, ప్రొఫైల్ లిస్ట్ దాకా వెళ్ళండి. ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడుగు పేర్లలో ఒకే పేరు రెండుసార్లు ఉండి ఒకదాని చివర డాట్ బీఏకే ఉంటే, బీఏకే ఉన్నదే మీ అసలు ప్రొఫైల్. దాని లోపల ప్రొఫైల్ ఇమేజ్ పాత్ మీ ఫోల్డర్‌నే చూపిస్తోందా లేదా చూసుకుని, బీఏకే లేనిదాని పేరు ఇంకేదైనా మార్చేసి, అసలుదాని చివర బీఏకే తీసేసి రీస్టార్ట్ చెయ్యండి. వీటిలో చెయ్యి పెట్టే ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ కొట్టి బ్యాకప్ తీసుకోవడం మాత్రం మర్చిపోకండి.

అది ల్యాబ్ కంప్యూటరో ఆఫీసుదో అయితే, రీస్టార్ట్ చేసినప్పుడల్లా పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టి ఉండొచ్చు, అప్పుడు మీరు ఎంత తన్నుకున్నా లాభం లేదు, అడ్మిన్‌ని అడగాల్సిందే.

ఫైల్ ఉంది, ఐకాన్ల వరస మాత్రమే పోతోంది అంటారా, డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి వ్యూలో ఆటో అరేంజ్ ఐకాన్స్‌కి టిక్ ఉంటే తీసెయ్యండి. ఇంకోటి, ఎక్స్‌ప్లోరర్ ఐకాన్ల స్థానాలు మామూలుగా సరిగ్గా సైన్ అవుట్ అయ్యేటప్పుడు రాసుకుంటుంది, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసే అలవాటుంటే రాసుకునే టైమే దొరకదు. ఐకాన్లు సర్ది మామూలుగా సైన్ అవుట్ అయి మళ్ళీ లోపలికి రండి, వరస నిలిస్తే తప్పు ఆపే పద్ధతిలోనే. గేమ్ ఆడాకో టీవీకి కలిపాకో మాత్రమే చెదిరిపోతుంటే రెజల్యూషన్ మారడం వల్ల, దానికి సేవింగ్‌తో సంబంధం లేదు.

రీసైకిల్ బిన్ లాంటి ఐకాన్లు మారిపోతుంటే పర్సనలైజేషన్‌లో థీమ్స్, అందులో డెస్క్‌టాప్ ఐకాన్ సెట్టింగ్స్ తెరిచి, థీమ్స్ ఐకాన్లు మార్చడానికి పర్మిషన్ ఇచ్చే టిక్ తీసెయ్యాలి. వాల్‌పేపర్ ఒక్కటే మారిపోతుంటే బ్యాక్‌గ్రౌండ్‌లో స్లైడ్‌షో గానీ, విండోస్ తనంతట తానే ఫోటోలు మార్చే స్పాట్‌లైట్ గానీ ఆన్‌లో ఉందేమో చూసి పిక్చర్ పెట్టండి, ఇంకో కంప్యూటర్‌లో అదే అకౌంట్ వాడుతుంటే అక్కడి సెట్టింగ్స్ ఇక్కడికి తెచ్చే సింక్ కూడా ఒకసారి ఆపి చూడండి. చాలామంది చూడనిదల్లా గ్రూప్ పాలసీ, అంటే కంప్యూటర్ ఎలా నడవాలో రూల్స్ పెట్టే చోటు. విండోస్ కీ, ఆర్ నొక్కి gpedit.msc అని టైప్ చేస్తే దాని ఎడిటర్ తెరుచుకుంటుంది. యూజర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, డెస్క్‌టాప్ కింద ‘డోంట్ సేవ్ సెట్టింగ్స్ ఎట్ ఎగ్జిట్’ అని ఒకటుంటుంది, ఎనేబుల్డ్ అని ఉంటే నాట్ కాన్ఫిగర్డ్‌కి మార్చండి. హోమ్ ఎడిషన్‌లో ఈ ఎడిటర్ రాదు, అక్కడ రిజిస్ట్రీలో హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, పాలసీస్, ఎక్స్‌ప్లోరర్‌లో నో సేవ్ సెట్టింగ్స్ విలువ 1 ఉంటే 0 చెయ్యాలి.

ఇవేవీ కాకపోతే కొత్త యూజర్ అకౌంట్ ఒకటి చేసి అందులో ట్రై చెయ్యండి. అక్కడ అన్నీ నిలుస్తుంటే పాత ప్రొఫైల్ పాడైనట్టే, ఫైళ్ళు కొత్తదాంట్లోకి తెచ్చుకుని అక్కడే ఉండిపోవడం రిపేర్ కంటే సుఖం. అక్కడా పోతుంటే అప్పుడు పాడైన విండోస్ ఫైళ్ళని వెతికి బాగుచేసే సిస్టమ్ ఫైల్ చెకర్ రన్ చెయ్యండి, అంటే సీఎండీని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి sfc /scannow అని టైప్ చెయ్యాలి.